అద్దె ఇల్లు: అగ్రిమెంటు రాయించడం నుంచి అడ్వాన్సు వెనక్కి తెచ్చుకునే దాకా

హైదరాబాదులో మేం నాలుగేళ్లున్న ఫ్లాటు ఖాళీ చేసిన రోజు, ఓనరు గారు వంటగట్టు కింద పగిలిన టైల్సు చూపించి అడ్వాన్సులో ఎనిమిది వేలు కోశారు. మేం దిగిన రోజుకే అవి పగిలి ఉన్నాయి. కానీ నా దగ్గర ఫొటో లేదు, అగ్రిమెంటులో ఆ ఊసే లేదు. పెయింటింగు పేరుతో ఇంకో నెల అద్దె పోయింది. దాని గురించీ కాగితంలో ఒక్క ముక్క లేదు. కింద సామాన్ల లారీ ఎదురుచూస్తోంది, పిల్లలు ఆకలంటున్నారు. ఇచ్చినంత తీసుకుని వచ్చేశాం.

ఇప్పుడు మా అమ్మ వాళ్ల ఇంటి పై వాటాను మేమే అద్దెకిస్తున్నాం. రెండు వైపులా నిలబడి చూశాక చెబుతున్నాను: అగ్రిమెంటు అక్కరకొచ్చేది ఖాళీ చేసే రోజున. దిగే రోజు అందరం మంచిగానే మాట్లాడుకుంటాం. ఆ మంచి మాటలు నడుస్తున్నప్పుడే చివరి రోజు లెక్కలు రాసేసుకోవాలి. అది ఎలాగో ఒక్కో మెట్టుగా చెబుతాను. ఎక్కువగా హైదరాబాదు పద్ధతిలోనే రాస్తున్నా, ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వేరుగా ఉన్నచోట ఆ సంగతి కూడా చెబుతాను.

మొదటి మెట్టు: ఇల్లు ఎవరిదో తేల్చుకోండి

టూలెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేది ఓనరే కావాలని లేదు. వాచ్‌మన్ కావచ్చు, బ్రోకరు కావచ్చు, ఓనరు తమ్ముడు కావచ్చు. ఇల్లు నచ్చాక, డబ్బు ఇవ్వక ముందు ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు చూపించమని అడగండి. జీహెచ్ఎంసీ పరిధిలో ప్రతి ఇంటికీ పీటీఐఎన్ అనే పన్ను నంబరు ఉంటుంది, రశీదు మీద ఓనరు పేరు ఉంటుంది. కరెంటు బిల్లు చూస్తే పాత బకాయిలు కూడా తెలిసిపోతాయి. అనుమానం ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోండి. అడ్వాన్సు పెద్ద మొత్తమైతే నేనైతే ఈసీ తప్పకుండా చూస్తాను.

ఓనరు విదేశంలో ఉండి, వాళ్ల నాన్నగారో బావగారో అగ్రిమెంటు మీద సంతకం పెడుతున్నారా? అయితే వాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ ఉందా అని అడగండి. గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ వైపు ఇది చాలా మామూలు. ఇందులో పన్ను సంగతి కూడా ఉంది. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత తక్కువైనా టీడీఎస్ (అద్దె ఇచ్చే ముందే అందులోంచి పట్టుకునే ఆదాయ పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవారిదే. పన్ను 30 శాతం, దాని మీద సెస్సు. ఇది తెలియక ఏళ్లపాటు అద్దె మొత్తం ఓనరుకే పంపి, తర్వాత నోటీసు వచ్చాక టెన్షన్ పడేవాళ్లున్నారు. దిగే ముందే ఒక ఆడిటరును అడిగి పద్ధతి తెలుసుకోండి.

ఇల్లు కళ్లతో చూడకుండా, తాళం తీయించుకోకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇల్లు ఇచ్చేవాళ్లకూ ఒక మాట: మిలిటరీలో పనిచేస్తున్నానని, అడ్వాన్సు పంపుతాను ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

రెండో మెట్టు: అద్దె ఒక్కటే కాదు, మొత్తం ఖర్చు అడగండి

"అద్దె ఇరవై వేలు" అన్నారనుకోండి. దాని మీద మెయింటెనెన్సు ఎంత, అది అద్దెలో కలిసి ఉందా, వేరా? కార్ పార్కింగు ఉందా? సొసైటీ వాళ్లు దిగేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు లిఫ్టు వాడినందుకు డబ్బు తీసుకుంటారా? బ్రోకరుకు సగం నెలా, నెల అద్దె మొత్తమా?

నీళ్ల గురించి గట్టిగా అడగండి. మంజీరా నీళ్లు (ప్రభుత్వ కుళాయి నీళ్లు) వస్తాయా, బోరు మాత్రమేనా? ఎండాకాలంలో బోరు ఎండిపోతే ట్యాంకర్ల ఖర్చు ఎవరిది? మాదాపూర్, కొండాపూర్ లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్సు ఒక్కసారిగా పెరిగేది దీనివల్లే. కింద వాచ్‌మన్‌నో పక్క ఫ్లాటు వాళ్లనో అడిగితే ఓనరు చెప్పని సంగతులు కూడా చెబుతారు.

కరెంటు మీటరు మీ వాటాకు విడిగా ఉందో లేదో చూడండి. రెండు వాటాలకు కలిపి ఒకటే మీటరుంటే, ఇద్దరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి పోతాయి. యూనిట్ రేటు పెరిగి, తక్కువ వాడిన మీరు కూడా ఎక్కువ కడతారు. సబ్‌మీటరు పెట్టినా స్లాబు సమస్య పోదు.

అద్దె తగ్గించమని అడగడానికి ఆషాఢం మంచి నెల. మనవాళ్లు ఆ నెలలో కొత్తింట్లో పాలు పొంగించరు కాబట్టి ఇళ్లు ఖాళీగా ఉంటాయి. శ్రావణం వచ్చిందంటే అదే ఇంటికి ముగ్గురు పోటీ పడతారు. మీకు పట్టింపు లేకపోతే ఆషాఢంలో దిగండి. ఉంటే ఆషాఢంలో మాట్లాడుకుని శ్రావణంలో దిగండి.

ఇక అడ్వాన్సు. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె అడగడం మామూలు. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం నివాస ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది. కానీ అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. బేరంలో "కేంద్రం కూడా రెండు నెలలే అంటోంది కదండీ" అని అనడానికి మాత్రం పనికొస్తుంది. చాలాసార్లు పనిచేస్తుంది కూడా.

మూడో మెట్టు: పదకొండు నెలల సంగతి అర్థం చేసుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. చాలామంది పొరబడేది ఇక్కడే.

అగ్రిమెంటు ఎందుకు పదకొండు నెలలకే రాస్తారు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో సెక్షన్ 17 ప్రకారం ఏడాదికి మించిన లీజు తప్పక రిజిస్టర్ చేయాలి. ఏడాది లోపు రాసుకుంటే రిజిస్ట్రేషన్ బాధ తప్పుతుందని దేశమంతా పదకొండు నెలల అలవాటు పడింది. మన దగ్గర లెక్క వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఈ సెక్షన్‌కు సవరణ తెచ్చి, కాలం ఎంతైనా సరే స్థిరాస్తి లీజు కాగితం రిజిస్టర్ కావాల్సిందేనని మార్చింది. అంటే మన రెండు రాష్ట్రాల్లో పదకొండు నెలలని రాసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అవసరం తప్పిపోదు.

నోటరీ చేయించాం కదా అంటారు కొందరు. నోటరీ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. సంతకం పెట్టింది ఫలానావాళ్లేనని నోటరీ చెబుతుంది, అంతే. రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరగాలి. స్టాంపు డ్యూటీ కూడా మొత్తం కాలానికి కట్టే అద్దె మీద శాతం లెక్కన పడుతుంది. కాబట్టి వంద రూపాయల స్టాంపు పేపరు వాడినంత మాత్రాన డ్యూటీ పూర్తిగా కట్టినట్టు కాదు.

రిజిస్టర్ చేయకపోతే ఏమవుతుంది? మీరు అద్దెకున్నవారు కాకుండా పోరు. అద్దె కడుతూ ఇంట్లో ఉన్నారు కాబట్టి నెలనెలా అద్దెకున్నట్టు లెక్క. కానీ కోర్టుకు వెళ్తే ఆ కాగితంలోని షరతులను రుజువుగా చూపించడం కష్టం. "రెండేళ్లదాకా ఖాళీ చేయించనని రాశారు" అన్నా, "ఏడాది లోపు వెళ్తే రెండు నెలల అద్దె వదులుకుంటానని రాశావు" అన్నా నిలబడకపోవచ్చు. స్టాంపు డ్యూటీ తక్కువ కట్టిన కాగితానికి పదింతల దాకా జరిమానా కట్టాకే కోర్టు దాన్ని చూస్తుంది.

నా అభిప్రాయం చెబుతాను. అడ్వాన్సు లక్ష దాటినా, రెండు మూడేళ్లు కదలకూడదనుకున్నా (పిల్లల స్కూలు అక్కడే అయితే ముఖ్యంగా) రిజిస్టర్ చేయించండి. ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకోవచ్చు. చిన్న అడ్వాన్సుతో ఏడాది ఉండే ఇంటికి చాలామంది రిజిస్టర్ చేయరు, ఓనర్లు ఒప్పుకోరు కూడా. అప్పుడు కనీసం ఒక పని చేయండి: అడ్వాన్సుకు విడిగా రశీదు రాయించుకోండి. ఫలానా తేదీన ఫలానా ఇంటి అద్దె అడ్వాన్సుగా ఇంత మొత్తం బ్యాంకు ద్వారా ముట్టింది, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇస్తాను అని ఓనరు సంతకంతో. ఆ డబ్బు రాబట్టుకోవడానికి అగ్రిమెంటు మీదే ఆధారపడే పరిస్థితి ఉండదు.

ఓనర్లకు ఇంకో భయం ఉంటుంది. పన్నెండేళ్లుంటే ఇల్లు అద్దెకున్నవాళ్లదైపోతుందని. అలా జరగదు. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా అద్దెకున్నవాడే. పన్నెండేళ్ల గడువు యజమాని హక్కును కాదంటూ ఆస్తిని పట్టుకుని కూర్చున్నవారి విషయంలో వస్తుంది. ఈ భయంతో మంచి కుటుంబాన్ని రెండేళ్లకే ఖాళీ చేయించడం మీకే నష్టం.

నాలుగో మెట్టు: కాగితంలో ఏం రాయాలి

స్టాంపు వెండరు దగ్గరో, పక్కనున్న డీటీపీ సెంటర్లోనో ఒక ఇంగ్లిషు నమూనా ఉంటుంది. పేర్లు, అద్దె మార్చి ప్రింటు తీసి ఇచ్చేస్తారు. ఎవరో ఎప్పుడో షాపు కోసం రాయించుకున్న షరతులు అందులో అలాగే ఉండిపోతాయి. అక్కడే నిలబడి సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని ఒక పూట చదవండి. ఇంగ్లిషు ఇబ్బందైతే తెలుగులోనే రాయించండి. తెలుగు కాగితానికి విలువేమీ తగ్గదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ తీసుకుంటారు.

పేర్లు, చిరునామా, ఇంటి నంబరు, అద్దె, ఏ తేదీలోపు కట్టాలి, ఏ ఖాతాకు కట్టాలి. ఇవి ఎలాగూ ఉంటాయి. నేను చెప్పదలిచింది నమూనాలో ఉండని వాటి గురించి.

అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజు. "ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజునే అడ్వాన్సు బ్యాంకు ద్వారా తిరిగి ఇవ్వాలి. ఏదైనా కోత ఉంటే దానికి బిల్లు చూపించాలి." ఈ రెండు వాక్యాలు అచ్చం ఇలాగే రాయించండి. "కొత్తవాళ్లు దిగాక ఇస్తాను" అనే మాటకు ఇక చోటుండదు.

పెయింటింగు. ఎంతో అంకె వేయండి, లేదా లేదని రాయండి. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు చార్జీలు అద్దెదారువే" అని ఊరికే రాస్తే అది అయిదు వేలూ కావచ్చు, ముప్పై వేలూ కావచ్చు. మా వాటాకు మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం: రెండేళ్లు దాటి ఉంటే పెయింటింగు మా ఖర్చే. రెండేళ్లకు గోడ ఎలాగూ మాస్తుంది, అందులో అద్దెకున్నవాళ్ల తప్పేం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 కూడా ఇదే చెబుతుంది. ఇల్లు తీసుకున్నప్పుడు ఉన్నంత బాగా తిరిగి అప్పగించాలి గానీ, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవారి బాధ్యత లేదు.

రిపేర్లు. బల్బు, కుళాయి వాషరు లాంటివి ఉంటున్నవాళ్లవి. స్లాబు కారడం, గోడలో పైపు పగలడం, బోరు మోటారు, వైరింగు ఓనరువి. అదే సెక్షన్ 108 ప్రకారం, చెప్పినా ఓనరు తగిన సమయంలో తన రిపేరు చేయించకపోతే మీరే చేయించి ఆ ఖర్చు అద్దెలో కోసుకోవచ్చు. కానీ ముందు రాతలో చెప్పి ఉండాలి, బిల్లు ఉండాలి. గీజరు, ఇన్వర్టరు బ్యాటరీ ఎవరిదో తప్పకుండా రాయండి. ఎక్కువ గొడవలొచ్చేవి వాటి దగ్గరే.

అద్దె పెంపు. శాతం రాయండి, ఎప్పటి నుంచో రాయండి. ఇరవై వేల అద్దె ఏటా 5 శాతం పెరిగితే మూడో ఏడు 22,050 అవుతుంది. 10 శాతమైతే 24,200. చూడటానికి చిన్న అంకెలే, నెలకు రెండు వేల పైన తేడా.

నోటీసు. రెండు వైపులా ఒకే గడువుండాలి. మీరు రెండు నెలల ముందు చెప్పాలి, ఓనరు ఒక్క నెల చాలు అని రాసి ఉంటే ఒప్పుకోకండి. కాగితంలో ఏమీ లేకపోతే, నెలనెలా అద్దెకున్న ఇంటికి చట్టం ఇచ్చే గడువు 15 రోజులే. పిల్లలున్న ఇంటికి 15 రోజుల్లో ఇల్లు వెతుక్కోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఎవరుంటారో కూడా రాయండి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుంటే "నలుగురన్నారు, ఆరుగురున్నారు" అనకుండా ఉండటానికి. ఓనరు ఇల్లు చూడటానికి రావాలంటే ముందు రోజు చెప్పి రావాలని ఒక లైను వేయండి. వేరేవాళ్లకు మళ్లీ అద్దెకు ఇవ్వకూడదనుకుంటే ఓనరు ఆ మాట రాయించుకోవాలి.

సంతకాలు ప్రతి పేజీ మీద, ఇద్దరు సాక్షులతో. రెండు ఒరిజినల్స్ తీయించండి. "ఒరిజినల్ నా దగ్గరుంటుంది, మీరు జిరాక్సు తీసుకోండి" అంటే, కనీసం ఆ జిరాక్సు మీద ఓనరు చేత సంతకం పెట్టించండి. ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ (నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే కాపీ) ఇవ్వండి, దాని మీద "అద్దె ఒప్పందం కోసం మాత్రమే" అని తేదీతో రాయండి.

అయిదో మెట్టు: పాలు పొంగించే ముందు ఫోన్ తీయండి

సామాన్లు దింపక ముందు, ఖాళీ ఇంట్లో పది నిమిషాల వీడియో తీయండి. ప్రతి గది నాలుగు గోడలు, సీలింగులో చెమ్మ మరకలు, టైల్సు, బాత్‌రూమ్ తలుపు కింది భాగం, స్విచ్చులు, కుళాయిలు తిప్పి చూపిస్తూ. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీయండి. ఆ రోజే అవన్నీ ఓనరుకు వాట్సాప్‌లో పంపి, "ఈ రోజు ఇల్లు ఇలా ఉందండి, వంటగదిలో రెండు టైల్సు పగిలి ఉన్నాయి" అని రాయండి. ఆయన "ఓకే" అన్నా చాలు. నేను ఆ ఫ్లాటులో దిగిన రోజు ఈ పది నిమిషాలు పెట్టి ఉంటే ఎనిమిది వేలు మిగిలేవి.

ఫ్యాన్లు, లైట్లు, గీజరు, తాళాలు ఎన్నెన్ని ఉన్నాయో లిస్టు రాసి అగ్రిమెంటు వెనక అంటించండి. తెలంగాణలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం లబ్ధి ఉన్నవాళ్లు కొత్త ఇంటి సర్వీసు నంబరు మార్పించుకోవడం మరిచిపోకండి.

ఆరో మెట్టు: ఉన్నన్నాళ్లూ

అద్దె బ్యాంకు ద్వారా కానీ యూపీఐ ద్వారా కానీ కట్టండి. ఏ నెల అద్దెనో అందులో రాయండి. నగదే కావాలంటే ప్రతి నెలా రశీదు తీసుకోండి. అయిదు వేలు దాటితే రెవెన్యూ స్టాంపు ఉండాలి. జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) మీద పన్ను మినహాయింపు కోసం ఏడాదికి లక్ష దాటిన అద్దెకు ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. దిగే ముందే ఆ సంగతి చెప్పండి, మార్చి నెలలో అడిగితే ముఖాలు మారతాయి. నెల అద్దె యాభై వేలు దాటితే మీరే టీడీఎస్ కోయాలి. 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం.

ఓనరు ఇల్లు అమ్మేస్తే కంగారు పడకండి. కొన్నవారు పాత ఓనరు స్థానంలోకి వస్తారు, మీ లీజు అలాగే కొనసాగుతుంది. కాకపోతే అమ్మిన సంగతి, ఇకపై అద్దె ఎవరికి కట్టాలి, మీ అడ్వాన్సు ఎవరి దగ్గరుంది అన్నవి ఇద్దరి సంతకాలతో రాయించుకోండి.

గడువు అయిపోయినా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని బలవంతంగా ఖాళీ చేయించే హక్కు ఓనరుకు లేదు. తాళం మార్చి సామాన్లు బయట పెడితే, ఆరు నెలల లోపు సివిల్ కోర్టుకు వెళ్లి ఇల్లు తిరిగి పొందవచ్చు. కరెంటు, నీళ్లు ఆపితే అలా చేయకూడదని కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) అడగవచ్చు. అలాగని అద్దె ఆపేయకండి. అద్దె బాకీ పడితే మీ వైపు న్యాయం బలహీనపడుతుంది. ఓనరు అద్దె తీసుకోకుండా తిప్పి పంపుతున్నా, కట్టడానికి ప్రయత్నించినట్టు ప్రతి నెలా రుజువు ఉంచుకోండి.

రెంట్ కంట్రోల్ కోర్టు ఉంది కదా అని కొందరు అడుగుతారు. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలను దాని పరిధి నుంచి తీసేశారు. హైదరాబాదులో ఇప్పుడు ఆ అద్దెకు గది కూడా దొరకదు. అందుకే మీ గొడవ దాదాపుగా సివిల్ కోర్టుకే వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పాత చట్టం బదులు 2017లో కొత్త అద్దె చట్టం వచ్చింది. అది ఒప్పందం రాతలో ఉండాలంటుంది. విజయవాడలోనో విశాఖలోనో ఉంటే అక్కడి వకీలును అడిగేటప్పుడు 2017 అద్దె చట్టం అని చెప్పి అడగండి.

ఏడో మెట్టు: ఖాళీ చేయడం, అడ్వాన్సు తెచ్చుకోవడం

నోటీసు ఫోన్లో కాకుండా రాసి ఇవ్వండి. వాట్సాప్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఫలానా తేదీకి ఇల్లు అప్పగిస్తాను, అదే రోజు అడ్వాన్సు ఇంత మొత్తం ఈ ఖాతాకు పంపగలరు అని రాయండి. చివరి నెలల అద్దె కట్టకుండా అడ్వాన్సులో సరిపెట్టుకుందామని చాలామంది అనుకుంటారు. ఓనరు ఒప్పుకుని రాసిస్తే సరే. లేకపోతే అలా చేయకండి, బాకీదారుగా మీరే కనిపిస్తారు.

లారీ వచ్చే రోజుకు ముందే, సామాన్లు కట్టేశాక ఓనరును పిలిచి ఇల్లు చూపించండి. దిగిన రోజు తీసిన వీడియో పక్కన పెట్టుకుని గదిగదీ చూడండి. ఏం కోస్తారో ఆ రోజే మాట్లాడుకుని రాసుకోండి. కరెంటు చివరి బిల్లు కట్టి మీటరు ఫొటో తీయండి. తాళాలు అప్పగించినట్టు ఓనరు సంతకం తీసుకోండి.

అప్పటికీ అడ్వాన్సు రాకపోతే వారం ఆగి, లెక్క మొత్తం వేసి, పదిహేను రోజుల్లో పంపాలని ఉత్తరం రాయండి. పోలీస్ స్టేషనుకు వెళ్తే సివిల్ వ్యవహారం అంటారు. దానికన్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. వాళ్లు ఓనరును పిలిపిస్తారు. రాజీ కుదిరితే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది. సలహా కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి వకీలును కూడా ఉచితంగా ఇస్తారు. అక్కడా కుదరకపోతే సివిల్ దావా వేయాలి. దానికి మూడేళ్ల గడువుంటుంది. ఇల్లు అప్పగించిన తేదీ, అడ్వాన్సు రశీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, రెండు వీడియోలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.